రెండోసారి కడిగిన రొయ్యలు

సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలు. వాన వెలిసి గంటైంది. పడమటి గాలి మాత్రం ఆగలేదు. ఆ గాలికి పెరట్లో బొగ్గుల గ్రిల్ ఒక పక్క ఎర్రగా, మరో పక్క బూడిదగా ఉంది. ఆరింటికి మూలవీధి బేకరీ యజమాని రావాలి. మా కోడలు గ్రిల్ మీద చేసే రొయ్యల పిజ్జా నచ్చితే, సాయంత్రాలు తన దుకాణంలో సగం ఆమెకు వదులుతానన్నాడు. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే.

అప్పటికే ఆమె నాలుగుసార్లు గేటు దాకా వెళ్లివచ్చింది. నేనూ ఊరికే కూర్చోలేకపోయాను. పళ్లెంలోని చిన్న రొయ్యలు, స్క్విడ్ చక్రాలు నీచువాసన వేస్తున్నాయనిపించి మరోసారి కడిగాను. ఆమె వాటిని ఒక్కొక్కటిగా పొడిబట్టతో అద్ది పెట్టిందని నాకు తెలియదు. అడగలేదు కనుక తెలియలేదు.

బేకరీ ఆయన పది నిమిషాలు ముందే వచ్చాడు. ఆ కంగారులో కోడలు పళ్లెం వైపు చూడనే లేదు. పలుచగా సాగదీసిన పిండిని గ్రిల్ మీద వేసి, ఒక వైపు కాలాక తిప్పింది. కాలిన వైపున చీజ్ పరిచాక గానీ రొయ్యల తడి ఆమె చేతికి తగలలేదు. అప్పుడిక ఆగితే పిండి మాడుతుంది. పరిచి మూత పెట్టింది. మూత తీసేసరికి నడుమ నీరు ఊరింది. పట్టకారుతో ఎత్తబోతే సగం బొగ్గుల్లో పడింది.

ఆయన అంచు తుంచి నమిలాడు. "అంచుకి వంక పెట్టలేనమ్మా. నడుమే చెరువైంది. తడి తుడవాలని తెలీదా?"

"నాదే పొరపాటండీ," అంది కోడలు, నా వైపు చూడకుండా.

ఆయన చేతులు కడుక్కుని చెప్పుల దగ్గరికి నడిచాడు. నేను నోరు విప్పేసరికి ఒక చెప్పు తొడుక్కున్నాడు.

"ఆమె తుడిచే పెట్టింది. మళ్లీ కడిగింది నేను."

"ఎందుకు కడిగారు పెద్దమ్మా?"

"చేతులు ఊరుకోక."

"మా అమ్మా ఇంతే. ఉప్పేసిన కూరలో మళ్లీ ఉప్పేసేది." రెండో చెప్పు తొడుక్కుంటూ కోడలితో అన్నాడు: "రేపు నాలుగింటికి మా వంటగదికి వచ్చి మళ్లీ చెయ్యి. అత్తగారిని మాత్రం ఇంట్లోనే ఉంచు."

"వస్తానంటే ఆపడం నా తరమా అండీ?" అంది కోడలు.

మర్నాడు నేను కదలలేదు. మూడున్నర నుంచి గడియారం ఎదుటే కూర్చున్నాను.

ఆ సగం దుకాణాన్ని మా కోడలు పదకొండేళ్లు నడిపింది.