పీచు తగిలిన బిళ్ల

నేను ఒక తెల్లటి బిళ్లను. తలనొప్పికి వేసుకునే మాత్రంత ఉంటాను. ఎవరైనా పొరపాటున మింగుతారేమోనని నా డబ్బా మీద ఎర్ర సిరాతో హెచ్చరిక కూడా రాశారు. నా పేరు గడోలినియం ఆక్సైడు. పుస్తకాల్లో మా వంశాన్ని విరళ మృత్తికలంటారు, అంటే అరుదైన మట్టి అని. మేము అంత విరళమూ కాదు, మృత్తికలమూ కాదు. మమ్మల్ని సరిగా తెలుసుకోకముందే పేరు పెట్టేశారు. మనుషులు తమ పిల్లలకూ అలాగే పెడతారు కనుక నేనేమీ అనుకోను.

శ్రీకాకుళం తీరంలో అల వెనక్కి వెళ్లాక ఒడ్డున బరువైన ఇసుక చారలు కడుతుంది. అందులోని తేనెరంగు రేణువుల్లో చుట్టాలందరితో కలిసి ఇరుకుగా ఉండేదాన్ని. మమ్మల్ని ఆమ్లాల్లో కాచి, వడగట్టి, మళ్లీ కాచి, ఎవరి వాటా వారికి పంచినట్టు విడదీశారు. నేను తెల్లటి పొడినై, ఒక సీసాలో కూర్చుని విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు చేరాను.

నా గుణం ఒకటి చెప్పాలి. అయస్కాంతం దగ్గరికొస్తే గట్టిగా అటు మొగ్గుతాను. దాన్ని తీసేస్తే అంతా మరిచిపోతాను. ఇనుము అలా కాదు. అయస్కాంతం పక్కన కాసేపు కూర్చుంటే చాలు, ఆ గొప్పలో కొంత దాచుకుని తిరుగుతుంది. నాకు ఆ విద్య లేదని లోలోపల చిన్నతనంగా ఉండేది.

నా సీసా మూత తీసింది గురుగుబెల్లి కూర్మావతి. కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆరేళ్లుగా మా వంశం మీదే పరిశోధన చేస్తోంది. ఆమె ఉపకారవేతనం మార్చితో ఆగిపోతుంది. థీసిస్ ఇవ్వాలంటే ఒక్క వ్యాసమైనా అచ్చు కావాలి, ఆమెకు అప్పటికి ఒక్కటీ లేదు. ఆమె గైడు దక్షిణామూర్తి మాస్టారు ఏప్రిల్లో రిటైరవుతారు. ఆ తరువాత ఆమెను పట్టించుకునే వారెవరో తెలియదు.

దసరా సెలవులయ్యాక మొదటి రోజున కూర్మావతి పొడిని కొలిమిలో బాగా కాల్చి, చల్లార్చి, ఉక్కు అచ్చులో పోసి నొక్కింది. మూడు బిళ్లలొచ్చాయి. వాటిలో మొదటిదాన్ని నేను. నన్ను యంత్రంలో అయస్కాంతం కొమ్ముల నడుమ పెట్టి గడగడా వణికించారు. తెర మీద తిన్నని గీత రావాలి. వెళ్లిన గీత వెళ్లిన దారినే తిరిగి రావాలి. నా గీత వేరే దారిన వచ్చింది. మధ్యలో సన్నటి ఉచ్చు పడింది. అంటే, అయస్కాంతం తీసేసినా నేను కొంత దాచుకున్నానన్నమాట.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఇంకోసారి తియ్యి," అన్నారు. నాలుగుసార్లు తీసింది. నాలుగుసార్లూ అదే ఉచ్చు. మా వంశంలో ఎవరూ, మామూలు గది వేడిమిలో, చేయని పని అది. మర్నాడు మాస్టారు మాడుగుల హల్వా తెచ్చి అందరికీ పంచారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. నాలో ఇంత ఉందని నాకే తెలియదే అనుకున్నాను. వ్యాసం రాశారు, పంపారు. డిసెంబరులో అచ్చుకు తీసుకుంటున్నామని జవాబొచ్చింది.

ఆ వారమే కూర్మావతి థీసిస్ కోసం అదే సీసాలోంచి కొత్త బిళ్ల చేసింది. తిన్నని గీత వచ్చింది. ఇంకోటి చేసింది, మళ్లీ తిన్నని గీతే. పాత బిళ్లలన్నీ తీసి చూసింది. దసరా సెలవులయ్యాక చేసిన మా మూడింటికి తప్ప ఎవరికీ ఉచ్చు లేదు. నన్ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

ల్యాబు అటెండరు నూకరాజును పిలిచింది. ముప్పై ఏళ్లుగా ఆయుధపూజకు అక్కడి పరికరాలన్నిటినీ తోమి బొట్లు పెట్టేది అతనే.

"బాబాయ్, పండక్కి ఈ అచ్చు తుడిచారా?"

"తుడవడమేటమ్మా, కొత్త స్టీలు పీచెట్టి తోమీసినాను. పూజలో ఎట్టిన వస్తువు మెరవాల కదా. నా మొకం కనిపించింది అందులో."

ఆమె నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నా అంచున వెంట్రుక కంటే సన్నటి ఇనుప తునక నాలోకి నొక్కుకుపోయి ఉంది. తోమినప్పుడు అచ్చులో మిగిలిన పీచు అది. నేను గొప్పగా దాచుకున్నదంతా దానిదే. నాకు తల కొట్టేసినట్టయింది.

నూకరాజు స్టూలు మీద కూలబడ్డాడు. "నీ సదువు నా సేత్తో పాడుసేసినానా తల్లీ."

"మీరు మీ పని శుభ్రంగా చేశారు బాబాయ్. అచ్చు కడిగి చూసుకోవాల్సింది నేను," అంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వ్యాసం అచ్చవుతుంది, డిగ్రీ వస్తుంది. రెండు రోజులు ఆమె సరిగా అన్నం తినలేదు. నిజం చెప్పాలంటే, నోరు మెదపకపోతే బాగుండునని నేనూ కోరుకున్నాను. వచ్చిన పేరు వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది.

మూడో రోజు పొద్దున్నే నన్నూ, కొత్త గీతలనూ తీసుకుని మాస్టారి గదికి వెళ్లింది. ఆయన అన్నీ ఒక్కొక్కటే చూశారు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసు మాస్టారూ."

"మరెందుకు చెప్పావు?"

"రేపు ఎక్కడో ఒకమ్మాయి మన వ్యాసం చూసి ఈ బిళ్ల చెయ్యబోతుంది మాస్టారూ. ఉచ్చు రాదు. తన చెయ్యే మంచిది కాదనుకుంటుంది. ఆరేళ్లు నేనూ అలాగే అనుకున్నాను."

మాస్టారు కాగితం తీసుకుని పత్రికకు తన చేత్తోనే ఉత్తరం రాశారు. "తప్పు నాది, కనిపెట్టింది ఈమె, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం" అని రాశారు.

మార్చిలో ఉపకారవేతనం ఆగింది. కూర్మావతి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు ల్యాబుకు వచ్చేది. శుద్ధమైన పొడిలో కావాలని రవ్వంత పీచు కలిపి, ఎంత పీచుకు ఎంత ఉచ్చు పడుతుందో రెండేళ్లు కొలిచింది. పీచును సన్నగా తుంచి ఇచ్చింది నూకరాజే. ఆ కొలతలే వ్యాసమయ్యాయి, తరువాత థీసిస్ అయ్యాయి. వైవా రోజున పై ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఆ మొదటి బిళ్ల ఏదమ్మా?" అని అడిగితే, నన్ను తీసి బల్ల మీద పెట్టింది. "ఇదేనండీ. దీన్ని నమ్మే పొరబడ్డాను, దీనివల్లే తెలుసుకున్నాను," అంది. వెనక వరుసలో రిటైరైన మాస్టారు కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర నూకరాజు కండువాతో కళ్లొత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ ల్యాబు కూర్మావతిదే. నేను అద్దాల బీరువాలో ఉంటాను. డబ్బా మీద హెచ్చరిక కింద ఆమె అక్షరాలున్నాయి: "పీచు తగిలినది. పారేయవద్దు." కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజున నన్నే చూపిస్తుంది. దసరాకు ఇప్పుడు అచ్చును స్పిరిట్లో ముంచిన దూదితో తుడుస్తారు, బొట్టు మాత్రం నా డబ్బాకు పెడతారు. పాడైన సరుకుకు ఇంత మర్యాద ఎక్కడ జరుగుతుంది? చెత్తబుట్టలో పడాల్సినదాన్ని. వాళ్ల ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను.

అయస్కాంతం తీసేస్తే అంతా మరిచిపోయే వంశం మాది. అయినా ఆ రోజు నన్ను పట్టుకున్న అరచేతి వెచ్చదనం నాకింకా గుర్తుంది. ఆ ఒక్కటీ పీచుది కాదు, నాదే.