నలభై తడి చేతులు

ఊళ్లో గోడల మీద బొమ్మలేసే గోడలక్క పొద్దున్నే చేసే మొదటి పని, నిన్న వేసిన బొమ్మకి చిటికెన వేలు ఆనించి చూడడం. వేలికి రంగంటితే నిచ్చెన దిగి, ఆ బొమ్మ ఎవరిదో వాళ్ల ఇంటికే వెళ్లేది. "ఇంకా తడిగానే ఉన్నావు. ఏం నచ్చలేదో చెప్పు" అని అడిగేది. ఆమె ఎవరి బొమ్మ వేసిందో ఆ మనిషి దాన్ని చూసి "అవును, ఇది నేనే" అనుకునేదాకా రంగు ఆరేది కాదు. ఎండలు మండిపోతున్నా అంతే. రంగుల కొట్టాయనకీ ఇది మామూలే. "ఇంకా ఒప్పుకోలేదా అక్కా?" అంటూ కొత్త డబ్బా అందించేవాడు.

ముప్పై ఏళ్లలో ఆమె వేయని గోడ లేదు. మొదట్లో సినిమా హాళ్ల ముందు నిలువెత్తు హీరోలను వేసింది. చూసుకోవడానికి హీరోలు రారు కనుక ఆ బోర్డులు దింపేదాకా తడిగానే ఉండేవి. తర్వాత షాపుల బోర్డులు, పిల్లల ఆసుపత్రి, జైల్లో భోజనాల గది. జైల్లో ఒకడి బొమ్మ ఆరడానికి పదకొండు నెలలు పట్టింది. ఆసుపత్రిలో జుట్టంతా రాలిపోయిన పాప ఒకతి, "నాకు రెండు జడలు" అని మొండికేసింది. రెండో జడ పూర్తవగానే బొమ్మంతా ఆరిపోయింది.

మూతపడ్డ మిల్లు వెనక నలభై ఇళ్ల సందు ఒకటుంది. మున్సిపల్ ఆఫీసరు ఆమెని పిలిచి, ఆ సందు గోడ పొడుగునా అక్కడివాళ్ల బొమ్మలే వేయమన్నాడు. ఇంటికొకరు చొప్పున నాలుగు నెలలు వేసింది. బొమ్మలో దర్జీ పిన్ని కుట్టు మిషన్ చక్రం మీద చెయ్యేసి కూర్చుంది. నలభై మందీ ఒప్పుకున్నారు, నలభై బొమ్మలూ ఆరాయి.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఆఫీసరు వచ్చి మొహం చిట్లించాడు.

"ఏడుపుగొట్టు మొహాల్లా ఉన్నాయేంటమ్మా? కాస్త నవ్వించండి. అందరిదీ ఒక్కో చెయ్యి పైకెత్తించండి. ఫొటోలో కళగా ఉంటుంది."

అడక్కుండా ఎవరి వెంట్రుకా మార్చని మనిషి, ఫొటో కోసమే కదా అనుకుంది. అక్కడే ఆమె బుద్ధి గడ్డి తింది. సాయంత్రానికల్లా నలభై చేతులు పైకెత్తేసి, వేరే గోడ పని ఉందని మర్నాడు వేలు ఆనించి చూడకుండానే వెళ్లిపోయింది.

పది రోజులకి ఇళ్లు ఖాళీ చేయమని సందులో నోటీసులు పంచారు. ఇక్కడ కార్ల పార్కింగ్ కడతారట. వీళ్లకి బస్సు కూడా వెళ్లని చోట గదులిస్తారట. నోటీసు కింద ప్రారంభోత్సవంలో తీసిన ఆ గోడ ఫొటో అచ్చేసి, "నివాసులందరూ చేతులెత్తి ఆమోదించారు" అని రాశారు.

దర్జీ పిన్ని ఆ కాగితం పట్టుకుని గోడలక్క గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే, నా చెయ్యి నిన్నెవరు ఎత్తమన్నారు?"

"ఫొటో కోసమన్నాడు పిన్నీ..."

"వాడంటే? నన్నొక్క మాట అడగొద్దా? నాలుగు నెలలు నా ఇంట్లో టీ తాగావు కదే! అంత దూరం పోతే నేనెవరికి బట్టలు కుట్టను, కాకులకా?"

గోడలక్కకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వెంటనే ఒళ్లు మండింది. బతికున్న మనుషుల్ని ఒక్క మాట అడక్కుండా వాళ్ల చేతులు ఎత్తించే ఈ పెద్దమనుషుల్ని ఏమనాలి? వాళ్లకి తన కుంచె అప్పగించిన తనని ఏమనాలి?

సందువాళ్లు పెట్టుకున్న అర్జీ మీద విచారణ రోజున ఆఫీసరు ఆ ఫొటోని దర్జాగా బల్ల మీద పెట్టాడు. గోడలక్క లేచి నిలబడింది.

"అయ్యా, ఫొటోకి తడీపొడీ తెలీదు. గోడ దగ్గరికొచ్చి వేలు పెట్టి చూడండి."

విచారణాధికారి అదేంటని అడగలేదు. ఆయనా ఆ ఊరివాడే. పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

వాళ్లు వెళ్లేసరికి గోడకి ఎదురుగా నాలుగు పెద్ద ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. ఎవరు పెట్టించారని ఎవరూ అడగలేదు. విచారణాధికారి ముందుగా దర్జీ పిన్ని చేతిని ముట్టుకున్నాడు. తడి. పక్కది ముట్టుకున్నాడు. అదీ తడే. సందంతా వెనకే నడుస్తుంటే, ఓపిగ్గా నలభై చేతులూ ముట్టుకున్నాడు. ఆయన వేళ్లు అయిదూ రంగులయ్యాయి.

"గోడకి చెమ్మండీ. ఈ వైపు ఎండ తగలదు" అన్నాడు ఆఫీసరు.

చివర్లో నలభై ఒకటో బొమ్మ ఉంది. చేతులెత్తించిన సాయంత్రమే ఆఫీసరు తనదీ ఒకటి ఉండాలని దగ్గరుండి వేయించుకున్నది. అదీ చెయ్యెత్తే ఉంది. విచారణాధికారి దాన్ని ముట్టుకుని, గోరుతో గీకి కూడా చూశాడు. ఎప్పుడో ఆరి గట్టిపడిపోయింది.

"ఈ సందులో చెయ్యెత్తింది మీరొక్కరే అన్నమాట" అన్నాడు.

వేళ్లు తుడుచుకోవడానికి గుడ్డ కోసం అటూఇటూ చూశాడు. దొరకలేదు. ఫైలులోంచి ఆ ఫొటో అచ్చేసిన ఆమోదపత్రం తీసి, అయిదు వేళ్లూ దాని మీదే శుభ్రంగా తుడుచుకుని, నోటీసులు రద్దు చేస్తున్నట్టు ఆ గోడ దగ్గరే రాసిచ్చాడు.

జనం సంతోషంతో అరుచుకుంటూ ఇళ్లలోకి పరిగెత్తారు. గోడలక్క మాత్రం తల వంచుకుని దర్జీ పిన్ని ముందు నిలబడింది.

"పిన్నీ, నన్ను క్షమిం..."

"ఆ సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నా చెయ్యి కిందికి దించు. అవతల కుట్టు సగంలో ఆగిపోయింది."