ఒక్క గాటైనా పెట్టని కత్తి

నేను ఒక కత్తిని. ఆ మాట వినగానే మీరు కాస్త వెనక్కి జరిగారు, చూశాను. నన్ను చూసి జరగనక్కర్లేదు. నాతో అరటిపండు కూడా తెగదు. నాకున్నది వెండి రంగు పూసిన మొండి రేకు. దాని వెనక పిడి లోపల టార్చిలైటు స్ప్రింగు ఉంటుంది. దేనికైనా ఆనించి నొక్కితే రేకు మొత్తం పిడిలోకి వెళ్ళిపోతుంది, వదిలితే బయటికి వస్తుంది. నేను నాటకం కత్తిని. ఈ ఒక్క ముక్క పోలీసుల బుర్రకి ఎక్కించలేక రెండేళ్ళ ఏడు నెలలు వేగిపోయాను.

నన్ను చేసింది మస్తాన్ అని గొడుగులు బాగుచేసే మనిషి. మా కోనసీమలో వానలు ఎక్కువ కాబట్టి ఆయనకి పని ఎక్కువే, అయినా నా మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. పూర్తయ్యాక ముందు తన పొట్టలో పొడుచుకున్నాడు, తర్వాత అన్నం తెచ్చిన భార్యని పొడిచాడు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, "చాల్లెండి సంబడం, చల్లారిపోతంది, తినండి" అంది. పుట్టిన రోజునే రెండు హత్యాయత్నాలు. అలా మొదలైంది నా బతుకు.

నన్ను చేయించుకున్నవాడు సూరిబాబు. ఇతన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ కథంతా అతని పీకల మీదికి వచ్చిన కథ. పగలు జాకెట్లు కుడతాడు, సాయంత్రాలు నాటకాల్లో విలన్ వేస్తాడు. మనిషి ఆరడుగులు, బుర్రమీసం, తాటికాయంత గొంతు. లోపల మాత్రం ఇంట్లో కోడిని కోస్తుంటే వీధి చివరి దాకా వెళ్ళి నిలబడే రకం. అతను వేసే వేషం రౌడీ కోటప్ప. నాటకం చివర్లో నిజాయితీపరుడైన ఒక బడిపంతుల్ని మూడు పోట్లు పొడిచి, మూడో పోటుకి పగలబడి నవ్వి, "ఇక నీ పాఠం అయిపోయింది మాస్టారూ" అనాలి. అప్పుడు హార్మోనియం మోగుతుంది. పంతులు చొక్కా కింద కుంకుమ, ఆముదం కలిపిన పొట్లం చిట్లుతుంది. పదకొండేళ్ళలో ఆ పంతుల్ని నాలుగు వందల సార్లు చంపాం. ప్రతిసారీ లేచి మాతోపాటు ఉప్మా తిన్నాడు.

జనం సంగతి చెప్పాలంటే నాకు విసుగొస్తుంది. డబ్బిచ్చి టిక్కెట్టు కొంటారు, అట్ట గోడలు చూస్తారు, తెర లాగేవాడి కాళ్ళు కూడా కనిపిస్తాయి. అయినా తెల్లారి సూరిబాబు సంతలో కనిపిస్తే పిల్లల్ని కొంగు చాటుకి లాక్కుంటారు. అద్దె ఇల్లు అడిగితే, "ఆయ్, మీకంటే మాకేం అభ్యంతరం లేదండి, ఇంట్లో ఆడోళ్ళు జడుసుకుంటన్నారండి" అంటారు. సూరిబాబు దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేవాడు. వద్దురా నాయనా, మురవకు అని పెట్టెలోంచి మొత్తుకునేదాన్ని.

ఆ ఏడాది అమ్మవారి తీర్థానికి ఆదివారం సాయంత్రం మా నాటకం వేశారు. ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు ముత్యాలరావు గారు స్టేజీ ఎక్కి సూరిబాబు మెడలో దండ వేసి, "ఈడు నిజంగానే పొడిచేసేడేమో అనుకున్నానండి" అని మైకులో చెప్పి అందర్నీ నవ్వించారు. ముత్యాలరావు గారికి కొబ్బరికాయల వ్యాపారం. ఆయన కొట్టు పక్కనే బుల్లియ్య గారి కొట్టు, అదీ కొబ్బరికాయలదే. రెండింటి మధ్య లారీ వచ్చే దారి ఎవరిదన్న గొడవ వాళ్ళ నాన్నల కాలం నుంచీ ఉంది.

మంగళవారం మధ్యాహ్నం బుల్లియ్య గారు తన కొట్టులో పోట్లు తిని చచ్చిపోయారు.

ఎదురింటి మంగతాయారు గారు కిటికీలోంచి చూసింది. ఆవిడ చూసింది ఒక వీపు. గళ్ళ లుంగీ, నల్ల బనీను, చేతిలో కత్తి, పక్క సందులోకి నడిచి వెళ్ళిపోతున్న మనిషి. అంతే. కానీ రెండు రోజుల ముందే ఆవిడ ముందు వరసలో కూర్చుని గళ్ళ లుంగీ, నల్ల బనీనుతో కత్తి ఊపుతున్న ఒక మనిషిని గంటన్నర సేపు చూసింది. ఎస్సై వచ్చి ఎవరమ్మా అని అడిగేసరికి ఆ వీపుకి ముందువైపు సూరిబాబు మొహం అతుక్కుపోయింది. "ఇంకెవరండి, సూరిబాబు. నా రెండు కళ్ళతో చూసేను" అంది. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే ఎక్కడో ఒకచోట తడబడేది, దొరికిపోయేది. ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది, అదే మా ప్రాణం మీదికి వచ్చింది.

సాయంత్రానికల్లా పోలీసులు సూరిబాబు కుట్టుమిషను పక్కన ఉన్న మేకప్ పెట్టె తెరిచారు. పైన నేనే ఉన్నాను, ఒళ్ళంతా కుంకుమ మరకలతో.

"ఇది నాటకం కత్తండి బాబూ" అన్నాడు సూరిబాబు. "ఓపాలి నొక్కి చూడండి, మీకే తెలుస్తాది."

"అందరూ అదే అంటారు" అన్నాడు ఎస్సై.

నాకు తెలిసి అందరూ అలా అనరు. ఏ హంతకుడూ ఇది నాటకం కత్తి అని చెప్పి ఉండడు. కానీ ఎస్సై గారికి వాదన అక్కర్లేదు, కత్తి కావాలి, దొరికింది. నన్ను రెండు వేళ్ళతో రుమాలు మీదుగా పట్టుకుని గుడ్డ సంచిలో వేయించాడు. సంచికి దారం కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. ఆ దారి వెంట పోతున్న ఇద్దరిని పిలిచి కాగితం మీద సంతకాలు పెట్టించారు. ఆ ఇద్దరూ నాటకం చూసినవాళ్ళే. సంచి వైపు చూసి ఒకడు, "అమ్మో, ఇదే" అన్నాడు. ఒక్కరంటే ఒక్కరు నన్ను బల్లకేసి నొక్కి ఉంటే అక్కడితో తేలిపోయేది. సీలు పడ్డాక ఇక నన్ను ముట్టుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి. పరీక్షకి పంపితే మరకలు మాత్రం గీకి చూసి మళ్ళీ సీలు వేశారు, అవి రక్తం కాదని కాగితం వచ్చింది. దాన్ని ఫైలులో అడుగున పెట్టి పైన మిగతా కాగితాలు పేర్చారు.

కోర్టులో వస్తువులు పెట్టే గది ఒకటి ఉంటుంది. నన్ను అక్కడ రెండో అరలో పెట్టారు. చీటీ మీద 'ఎం.ఓ. ఒకటి' అని రాశారు, అంటే కేసులో చూపించే మొదటి వస్తువు. పదిరోజులకి నా పక్కకి ఇంకో కత్తి వచ్చింది. మందం, బరువు, పిడికి కొబ్బరిపీచు తాడు. ముత్యాలరావు గారి కొట్టులో కాయలు కొట్టే కత్తి. అక్కడి కూలీలు ఇద్దరు కొట్టుకుంటే ఒకడు దీన్ని ఎత్తి బెదిరించాడట, చిన్న కేసు, పట్టుకొచ్చారు. నేను పలకరించాను.

"నువ్వెందుకొచ్చేవు?" అంది.

"బుల్లియ్య గారి హత్య."

"అది నేను కదా" అంది.

అంత మామూలుగా చెప్పింది. దారి దగ్గర మాటా మాటా పెరిగిందట. కొట్టులో ఉన్నప్పుడు ముత్యాలరావు గారిదీ గళ్ళ లుంగీయే, నల్ల బనీనే. పని అయ్యాక పంపు కింద కడిగి, రోజూ తగిలించే మేకుకే మళ్ళీ తగిలించారట. ఆ సాయంత్రం అదే కత్తితో కాయలు కొట్టారు, మర్నాడూ కొట్టారు. దాని వైపు ఎవరూ చూడలేదు.

"మరి చెప్పవేం?" అన్నాను.

"నన్నెవరడిగేరు?" అంది.

నిజమే, ఎవరడిగారు. చేయని నేను హత్య కేసులో, చేసిన అది కూలీల తగాదా కేసులో, రెండు జానల దూరంలో పక్కపక్కన. రోజుకి ఇరవైసార్లు ఆ గది తలుపు తీసేవారు. తీసిన ప్రతిసారీ నేను అరిచేదాన్ని. గుమస్తా తనకి కావలసిన ఫైలు తీసుకుని దుమ్ము దులుపుకుని పోయేవాడు. ఆ గుమస్తాల మాటల్లోనే సూరిబాబు సంగతులు తెలిసేవి. మూడు నెలలు జైల్లో ఉన్నాడు. బెయిలు మీద వచ్చాక కొట్టు తెరిస్తే జాకెట్టు కొలతలివ్వడానికి ఒక్క ఆడమనిషి రాలేదు. చేతిలో కత్తెర ఉంటే పక్క కొట్టువాడు కుర్చీ జరుపుకునేవాడట. శిక్ష పడితే యావజ్జీవం అన్నారు. పెళ్ళాం పుట్టింటికి పోలేదు, అదొక్కటే మేలు. పక్క కత్తి ఇవన్నీ విని ఊరుకునేది. దాని మీద నాకు కోపం లేదు, పట్టుకున్న చెయ్యి దానిది కాదు.

రెండో ఏడు చివర్లో విచారణ మొదలైంది. సూరిబాబు తరఫున కామేశ్వరమ్మ గారని పెద్ద వయసు లాయరు. ఆవిడ గొంతు పెంచదు, కాగితాలు విసరదు. మంగతాయారు గారిని బోనులోకి పిలిచి చాలా మర్యాదగా అడిగింది.

"ఎన్ని పోట్లు పొడిచాడమ్మా?"

"మూడండి. మూడో పోటుకి నవ్వేడండి, యెదవ."

"నవ్వి ఏమైనా అన్నాడా?"

"'ఇక నీ పాఠం అయిపోయింది మాస్టారూ' అన్నాడండి."

"బుల్లియ్య గారు మాస్టారా అమ్మా?"

"కాదండి, కొబ్బరికాయలండి."

"తర్వాత ఏం జరిగింది?"

"తర్వాతేముందండి, హార్మోనియం వాయించేరు."

కోర్టులో ఎవరో ముందు దగ్గారు, తర్వాత నవ్వారు. మంగతాయారు గారు మాత్రం నవ్వలేదు. నవ్వుతున్న వాళ్ళ వైపు, సూరిబాబు వైపు మార్చి మార్చి చూసింది. ఏదో తప్పు జరిగిందని ఆవిడకి అప్పుడు తెలిసింది. బోను కమ్మీ పట్టుకుని, "నేను చూసేనండి, నిజంగా చూసేనండి" అంది చిన్న గొంతుతో. నాకు ఆవిడ మీద ఉన్న విసుగు ఆ క్షణంలో కాస్త తగ్గింది.

తర్వాత నా సీలు విప్పారు. కామేశ్వరమ్మ గారు నన్ను అందుకుని, జడ్జి గారి వైపు చూసి, తన అరచేతిలో పొడుచుకుంది. పోలీసుల తరఫున వాదించే పీపీ గారు లేచి నిలబడ్డారు. రేకు పిడిలోకి వెళ్ళింది, బయటికి వచ్చింది. రెండేళ్ళు మూసి ఉండటం వల్ల స్ప్రింగు కాస్త కీచుమంది. జడ్జి గారు నన్ను ఆవిడ దగ్గర అడిగి తీసుకుని బల్ల మీద నొక్కారు. మళ్ళీ నొక్కారు. మూడోసారి కూడా నొక్కారు, అది మాత్రం విచారణ కోసం కాదని నా అభిప్రాయం.

నెల తిరక్కుండా సూరిబాబు నిర్దోషి అని తీర్పు వచ్చింది. అతను బోనులోనే కూలబడి ఏడ్చాడు. ఆ తాటికాయంత గొంతు ఎటు పోయిందో, ఏడుపు బయటికే వినపడలేదు. ఇక అసలు హంతకుణ్ణి వెతుకుతారనుకున్నాను. వెతకలేదు. ఫైలు కట్టి అటక మీద పెట్టారు. ఊళ్ళో మాత్రం, "లాయరు గట్టిదండి, తప్పించేసింది" అనుకుంటున్నారట.

మొన్న సోమవారం గుమస్తా కిటికీ దగ్గరికి ఇద్దరు వచ్చారు. ముందు ముత్యాలరావు గారు. కూలీల కేసు రాజీ అయిపోయింది, తన కత్తి తనకి ఇప్పించమని కాగితం తెచ్చారు. "మా నాన్నగారి చేతి కత్తండి, అదో సెంటిమెంటు" అన్నారు. గుమస్తా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నా పక్క కత్తిని తీసి పాత పేపరులో చుట్టి, "జాగ్రత్తండి, బాగా పదునుగా ఉంది, చెయ్యి తెగుద్ది" అని అందించాడు.

రెండోవాడు సూరిబాబు. చిక్కిపోయాడు, మీసం తీసేశాడు. కిటికీకి అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా కత్తి ఇప్పించండి బాబూ."

"ఇప్పుడు దాంతో పనేంటయ్యా నీకు?"

"నాటకం ఉందండి. నన్ను పిలిచేరండి, ఇన్నాళ్ళకి."

గుమస్తా నన్ను కిందికి దించాడు, నా చీటీ చూశాడు, తీర్పు కాపీ చివరి పేజీ తిప్పాడు. ఆ చివరి పేరా ఏ తీర్పులోనైనా ఒకేలా ఉంటుంది, పాత కాగితం చూసి టైపు కొట్టేస్తారు. "అప్పీలు గడువు అయ్యాక ఎం.ఓ. ఒకటిని ధ్వంసం చెయ్యాలని రాశారు. మారణాయుధం కదా, బయటికి ఇవ్వకూడదు" అన్నాడు.

"అది పొడవదండి. జడ్జి గారే మూడుసార్లు నొక్కి చూసేరండి."

"నేనూ చూశానయ్యా. కానీ నీ చేతికిచ్చాక రేపు ఏదైనా జరిగితే?" అని, నన్ను తన కుర్చీకి ఇవతలి పక్కకి జరుపుకున్నాడు.

పేపరు పొట్లం చంకలో పెట్టుకుని టీ తాగుతున్న ముత్యాలరావు గారు లేచి సూరిబాబు భుజం తట్టారు. "ఎప్పుడేస్తన్నావు నాటకం? నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడేరా" అన్నారు.

"అమ్మవారి తీర్థానికేనండి, మీరు తప్పకుండా రావాలండి" అన్నాడు సూరిబాబు, రెండు చేతులూ జోడించి.

వస్తానన్నారాయన. గడువు ఈ శుక్రవారంతో అయిపోతుంది. సుత్తి తెచ్చే బంట్రోతుకి గుమస్తా ఇప్పుడే చెబుతున్నాడు, చేతికి గుడ్డ చుట్టుకో, గుచ్చుకుంటుంది అని.