పదకొండో మీట

ముప్ఫై ఏళ్లుగా జిగ్మంట్ ఉద్యోగం ఓడ అడుగున సొరంగంలోనే. నెత్తిమీద పదిహేను వేల టన్నుల సున్నపురాయి. మీట లాగితే గేటు తెరుచుకుని రాయి బెల్టు మీద పడుతుంది, పైకెక్కి, పొడవాటి ఇనుప చెయ్యి మీదుగా ఒడ్డున గుట్టపడుతుంది. రేవులో కూలీలతో పనే లేదు. నవంబరులోనే వస్తుంది చావు. తడిరాయి గడ్డకట్టి గేటు పైన ఇరుక్కుపోతుంది. అప్పుడొకడు గడ్డపార పట్టుకుని పైనుంచి ఓడ కడుపులోకి దిగి పొడవాలి. దిగేముందు తన చేతితొడుగు ఒకటి ఆ గేటు మీటకు తగిలించి వెళ్లాలి. తిరిగొచ్చి తనే తీసుకోవాలి. అందాకా కెప్టెన్ చెప్పినా ఆ మీటను ఎవడూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రాయితోపాటు మనిషీ జారిపోతాడు.

ఆ సాయంత్రం పదకొండో మీటకు తొడుగు తగిలించి వెళ్లినవాడు ఫ్లోరియన్, జిగ్మంట్ అల్లుడు. అరగంటైనా రాలేదు. ఈలోగా కెప్టెన్ తర్వాతి అధికారి, మేటు హాల్వర్ నిచ్చెన దిగి వచ్చాడు.

"ఇంకా ఏం చూస్తున్నావయ్యా? గాలి ముదురుతోంది. ఇక్కడే చిక్కుకుంటే ఓడను గోడకేసి బాదేస్తుంది."

"తొడుగుంది కదా సార్."

"నీ అల్లుడిదేగా? వంటగదిలో సాసేజీలు లాగిస్తున్నాడు. వీపు ఇటు పెట్టి కూచున్నాడు, నా కళ్లతో చూశాను."

జిగ్మంట్‌కు ఒళ్లు మండిపోయింది. తిండిపోతు వెధవ! వీడికి పొట్ట తప్ప ఇంకేమీ పట్టదని కూతురు లోద్జాకి పెళ్లికి ముందే చెప్పాడు, వింటేనా! ఇంకెవరి తొడుగైనా అయితే స్వయంగా వెళ్లి చూసొచ్చేవాడు. అల్లుడనేసరికి ఎంత సులువుగా నమ్మేశాడో! తొడుగు పీకి జేబులో కుక్కుకుని, మీట బలంగా లాగాడు.

కదల్లేదు. మళ్లీ లాగాడు. గేటు అంచుల్లో మంచు బిగుసుకుపోయింది. తిట్టుకుంటూ, సుత్తితో కొట్టి వదులు చేద్దామని బెల్టు ఆపించాడు. హోరు ఆగింది. అప్పుడు వినిపించింది, గేటుకు పైన ఎవరో ఇనుము మీద నెమ్మదిగా కొడుతున్న చప్పుడు.

"అయ్యో దేవుడా! లోపలే ఉన్నాడ్రా!" అని గావుకేక పెట్టాడు.

నలుగురు పైనుంచి దిగి చేతులతో తవ్వారు. ఫ్లోరియన్ రొమ్ముదాకా రాళ్లలో కూరుకుపోయి ఉన్నాడు. కాలు విరిగింది, ప్రాణం ఉంది. వంటగదిలో తింటున్నది ఇంజను గది మనిషట.

ఓడంతా జిగ్మంట్‌నే మెచ్చుకుంది. బెల్టు ఆపించి మరీ విన్నాడు, ముసలాడివి పాము చెవులని. మేటు మాత్రం అతని మొహం చూడకుండా తప్పుకున్నాడు.

రేవులో అంబులెన్సు ఎక్కించేముందు ఫ్లోరియన్ మామ చెయ్యి పట్టుకున్నాడు.

"నేనంటే మీకు పడదనుకునేవాణ్ణి మావయ్యా. ఇవాళ మీరు లేకపోతే నేను లేను. లోద్జాకి ఫోన్ చేసి నేనే చెప్తా, మీ నాన్న దేవుడే అని."

జిగ్మంట్ ఊరుకుంటే సరిపోయేది. సిగ్గు ఊరుకోనివ్వలేదు.

"లాగానురా అల్లుడూ. రెండుసార్లు లాగాను. మంచుకి కదల్లేదు, అంతే."

ఫ్లోరియన్ పట్టు సడలింది గానీ, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఈ మాట దానితో మాత్రం అనకండి మావయ్యా," అన్నాడు. "నేనూ అనను. నాన్నంటే దానికి ప్రాణం."