ఎనిమిది పొట్ట

మనవరాలు ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చే పని చేస్తుంది. రోజంతా సీసపు అక్షరాల్ని తలకిందులుగా చదివీ చదివీ, ఇంట్లో మందు సీసా మీద తేదీని కూడా ఓసారి తిప్పి చూస్తే గానీ నమ్మదు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నమే సెలవు పెట్టి, చేతులకంటిన సిరా అయినా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. తాతయ్య తుపాకీని చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు మరి!

పాత సైనిక తుపాకులు నంబరు పెట్టి పిలిస్తే, మోసినవాడి గొంతుతో హాజరు పలుకుతాయి కదా. ఎదురింటివాళ్లదైతే ఎవరైనా ఫోను నంబరు చెప్పుకుంటున్నా మధ్యలో పలికేస్తుంది, దానికంత ఉబలాటం. అమ్మమ్మ ఇంట్లోదే మూగది. యుద్ధం నుంచి తాతయ్య రాలేదు, తుపాకీ వచ్చింది. అప్పట్లో ఎవరో అధికారి దాని నంబరు చూసి, రిజిస్టరు తిరగేసి, "ఇది పారిపోయినవాడిది" అని చెప్పి చక్కా పోయాడు. సిగ్గుతో దాని గొంతు పడిపోయిందన్నారు వీధివాళ్లు. అంతే, యాభై ఏళ్లుగా అమ్మమ్మ 'పారిపోయినవాడి పెళ్లాం'. పాపం, వీధి గుమ్మం మానేసి పెరటి దారినే తిరుగుతోంది.

ఇప్పుడు కొత్త నియమం వచ్చింది. పలికిన తుపాకీ ఇంట్లో ఉంటుంది, పలకనిది ఈ సాయంత్రమే కొలిమికి పోతుంది.

ఇన్‌స్పెక్టరు బల్ల మీద గుడ్డ పరిచి తుపాకీని పడుకోబెట్టాడు. గొట్టం మీది ముద్రలన్నీ తుప్పు తినేసింది. మడమ దగ్గర ఇత్తడి రేకు మీద నంబరొక్కటే మిగిలింది.

"6998!" అని పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏం చేస్తాం బామ్మగారూ, రిజిస్టర్లో పేర్లుండవు, నంబర్లే. ఈ నంబరు పక్కన పారిపోయాడనే ఉంది."

"బస్సు కదిలిపోతున్నా పరిగెత్తని మనిషి బాబూ ఆయన!" అమ్మమ్మకి ఒళ్లు మండిపోయింది. "యుద్ధంలో పరిగెత్తాడంటే నేను నమ్మాలా?"

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి తుపాకీని గుడ్డలో చుట్టబోయాడు. మనవరాలు రేకు మీదికి వంగింది. ఏదో కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది.

"ఆగండాగండి! ఈ ఎనిమిదిని చూడండి. పైసున్నా పెద్దది, కిందిది చిన్నది."

"అయితే?"

"అయితే ఏంటండీ! ఎనిమిదికి తల చిన్నది, పొట్ట పెద్దది. పొట్ట ఎప్పుడూ కిందే ఉంటుంది. ప్రెస్సులో తొమ్మిదులు అయిపోతే ఆరుని తిప్పి పెట్టేస్తాం, ఎవడూ కనిపెట్టలేడు. ఎనిమిదిని తిప్పామో, ఓనరు చీవాట్లు పెడతాడు. మీరు దీన్ని తలకిందులుగా చదువుతున్నారు!"

గబగబా తుపాకీని అటుదిటు తిప్పింది. 8669.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సర్దుకుని రిజిస్టరు పేజీలు చకచకా తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. పైకి చదివాడు. "8669. వంతెన దగ్గర కాపలా. వెనక్కి రమ్మన్నా రాలేదు. జనమంతా దాటేదాకా నిలబడి, అక్కడే పోయాడు."

అమ్మమ్మ బల్ల అంచు పట్టుకుంది. కన్నీళ్లు జలజలా రాలాయి. తుడుచుకోలేదు.

"ఎనిమిది... ఆరు ఆరు తొమ్మిది," అని పిలిచింది.

"హాజర్ సార్!" ఖంగుమంది తుపాకీ. ఇరవై ఆరేళ్ల గొంతు, కాస్త జలుబు చేసినట్టు.

"సారేంటి, నేనే!" అని అమ్మమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. "అదిగో ఆ జలుబు! ఏ కాలమైనా వదిలేది కాదు."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టేలోపే ఆవిడ వీధి తలుపు గడియ లాగింది. తుప్పు పట్టిన గడియ, రెండు గుంజులకి గానీ రాలేదు.

"పట్టవే మనవరాలా ఆ చివర! బరువుంది."

"ఎక్కడికి అమ్మమ్మా?"

"ముందు ఎదురింటికి. తర్వాత పక్కింటికి. ఆ తర్వాత మూలమీది కొట్టావిడ దగ్గరికి, దానికి మరీ నోరెక్కువ."

ఇద్దరూ చెరో చివరా పట్టుకుని బయల్దేరారు. అమ్మమ్మ ఒక్క గుమ్మం కూడా వదల్లేదు. ప్రతి చోటా ఆగి, గొంతు సవరించుకుని, నంబరు పిలిచింది. ప్రతి గుమ్మం ముందూ తాతయ్య హాజరు పలికాడు.