అన్నీ ఒకట్లే

ఔలిస్ కిటికీ తెరిచి, అలవాటు ప్రకారం తిట్ల కోసం ఎదురుచూశాడు. బయట మంచు. ఎదుటి బల్ల దగ్గర హెల్కా తల కూడా ఎత్తలేదు.

"కిటికీ తెరిచాను," అన్నాడు, తనే గుర్తుచేస్తూ.

"ఉండనీ."

ఫిన్లాండ్ దేశపు తాంపెరె నగరంలోని ఆ లిఫ్టుల కంపెనీలో వాళ్లిద్దరూ ఒకే గదిలో ముసలివాళ్లయ్యారు. లిఫ్టును నడిపే కంప్యూటర్లో సర్క్యూట్ కార్డులుంటాయి. నువ్వెవరు, నీ అమరికలేమిటి అని ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని పలకరించాలి. ఆ పలకరింపులు రాయడం ఔలిస్ పని. రాసింది పరీక్షించి, పనికిరాదని చెప్పడం హెల్కా పని. భోజనాల బల్ల దగ్గర కూడా ఆమె ఆ పని మానేది కాదు. ఒంటరి ఔలిస్‌కు రోజు మొత్తం మీద దొరికే మాటలు అవే.

గురువారం కాబట్టి, అక్కడి ఆనవాయితీ ప్రకారం మధ్యాహ్నం బటానీ సూప్. ఔలిస్ తన గిన్నెలో ఆవముద్ద గుమ్మరించుకున్నాడు.

"నీకూ వెయ్యనా?" అన్నాడు ఏడిపించడానికి.

"వెయ్యి."

ఆవముద్ద వాసనకే ముఖం తిప్పుకునే మనిషి! గెలిచానని పొంగిపోయాడు గానీ, సూప్ మాత్రం సగంలోనే వదిలేశాడు.

గదికి తిరిగొచ్చి, పరీక్ష కోసం పెట్టిన కంప్యూటర్లో కార్డును పలకరించాడు. తెర నిండా ఒకట్లు. ఒక్క సున్నా లేదు. ఒకటంటే అవును, సున్నా అంటే కాదు. కార్డు ఉంటే ఎక్కడో ఒకచోట కాదంటుంది. ఏమడిగినా అవునవునంటోందంటే, అక్కడ ఎవరూ లేరని అర్థం.

ఔలిస్ మెల్లగా హెల్కా వైపు తిరిగాడు.

"నీ పరీక్షలన్నీ చెరిపేసి నేనే కొత్తగా రాస్తాను."

"రాసుకో."

ఔలిస్ చటుక్కున మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. దాని పెట్టె మూత తీశాడు. లోపల కార్డు లేదు.

"కార్డేదీ?"

"స్టోర్లో ఇచ్చేశాను. నా పేరు మీదున్నవన్నీ అప్పజెప్పాలిగా. ఇవాళే ఆఖరి రోజు."

"రిటైర్మెంటా? నాతో చెప్పలేదేం?"

"నువ్వడిగావా? ఆ రేకుముక్కల బాగోగులు మాత్రం రోజంతా అడుగుతావు."

"కేకైనా కోసేవాళ్లం..."

"కోస్తే నువ్వు ఉపన్యాసమిస్తావు. అందుకే ఆఫీసువాళ్లను వద్దన్నాను."

నాలుగింటికి హెల్కా బూట్లు తొడుక్కుని, కోటు వేసుకుంది. ఔలిస్ లిఫ్టు దాకా వెంట నడిచాడు.

"కారులో దిగబెట్టనా?"

"అక్కర్లేదు. నీ డ్రైవింగ్ నీ కోడ్ కంటే ఘోరం."

ఔలిస్ ముఖం వెలిగిపోయింది. హెల్కా ఇంకా ఉంది! ఆదివారం ఏం చేస్తుంటావని అడగాలనుకున్నాడు. అది మాటల్లో కూర్చుకునేలోపు ఆమె ఎక్కేసింది; తమ కంపెనీ లిఫ్టే, తలుపులు చప్పుడు లేకుండా మూసుకుంది.

గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఎదుటి బల్ల కింద, హెల్కా ఆఫీసులో వేసుకునే బూడిదరంగు ఊలు చెప్పుల జత. మడమలు అణిగిపోయి ఉన్నాయి. వాటి ముందుభాగాలు రెండూ అతని కుర్చీ వైపే తిరిగి ఉన్నాయి.