తూము లేని మండువా

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మూడో ఏడు, ఎడవం నెల తొలకరి వానల్లో జరిగింది ఇది. మా పంబ ఏటి ఒడ్డున ఏళ్ళన్నీ ఇప్పటికీ ఆ వరద నుంచే లెక్క.

ఆ వరద మా పాత పెంకుటిల్లు పట్టుకుపోయింది. బదులుగా నాలుగు సిమెంటు గోడలు, పైన రేకులు వచ్చాయి. పాతింట్లో చాప పరిచినంత మండువా ఉండేది. అందులో వాన పడుతుంటే నా భార్య కార్త్యాయని గట్టున కూర్చుని పనసగింజలు గీకేది. కొత్తింట్లో రెండేళ్ళు ఓర్చుకుంది.

“రేకుల మీద వాన తిట్టినట్టు ఉంటుంది. కళ్ళకి మాత్రం కనబడదు. ఈ డబ్బాలో నా మనసు నిలవట్లేదు,” అని తమ్ముడు భార్గవన్ ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళింట్లో మండువా ఉంది.

వారం అన్నది నెల అయింది. రమ్మని అడగాలి. నాకు మాటలు రావు. పని వచ్చు. వడ్రంగిని, ఊళ్ళో ఆశారి అంటారు.

ఇల్లు పచ్చగా ఉంటే వస్తుందని ముందు మొక్కలు తెచ్చాను. కిటికీకి మిరియాల తీగ, మంచం కోడుకి తమలపాకు, స్నానాల గదిలో బకెట్టు నిండా చేమ. సంగతి విని చూసిపోదామని భార్గవన్ వచ్చాడు. తల మీద పడ్డ తీగ తీసుకుంటూ అడిగాడు.

“బావా, అక్క వస్తే ఎక్కడ పడుకోవాలి? చేమదుంపల పక్కనా?”

“ఏమంటోంది?”

“మొక్కలు పెరట్లోనూ ఉంటాయి, ఇంట్లోకి రావాల్సింది వాన అంటోంది.”

ఆ మాట పట్టుకున్నాను. కొలకర్రతో ఇంటి నడిమధ్య గుర్తు పెట్టి, మూడు రేకులు విప్పేశాను. చుట్టూ చూరు దించాను. కింద సిమెంటు పగలగొట్టి, మోకాటి లోతున చదరంగా తవ్వి, అంచున రాళ్ళు పేర్చి, మధ్యలో తులసి నాటాను. ఎనిమిది రోజులు పట్టింది, ఆ ఎనిమిదీ వాన తెరిపిచ్చింది. కబురు పెడదామనుకుని, ఒక్క వాన చూశాక పెడదాంలే అని ఆగాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే దిగింది వాన. దారాలు దారాలుగా ఇంట్లో పడుతుంటే మంచం మీద కూర్చుని చూశాను. ఆవిడ వెళ్ళాక మొదటిసారి మనసు నిమ్మళించింది. గంట గడిచింది. తులసి మునిగింది. గట్టు మునిగింది. నా చెప్పులు వంటింటి వైపు బయల్దేరాయి.

అప్పుడు గుర్తొచ్చింది తూము. నలభై ఏళ్ళలో ఎన్ని మండువాలు చేశానో. తూము ఎప్పుడూ తాపీమేస్త్రీ చూసుకునేవాడు. దూలం వెంట్రుకంత వంగితే నాకు అన్నం సయించదు గానీ, నీళ్ళెటు పోతాయో ఏనాడూ చూడలేదు.

పక్కింటి సారమ్మ గొడుగుతో వచ్చి తొంగి చూసింది.

“ఆశారీ! ఏట్లో నీళ్ళు ఒక్క మెట్టు ఎక్కలేదు. నీ ఒక్కడికే వచ్చిందేంటయ్యా వరద?”

అక్కడే నిలబడి, నవ్వు ఆపుకోలేక, కార్త్యాయనికి ఫోను కొట్టింది.

మధ్యాహ్నం బస్సుకి కార్త్యాయని దిగింది. గుమ్మంలో నిలబడి పైకి చూసింది, కిందికి చూసింది, మంచం మీద కాళ్ళు ముడుచుకున్న నన్ను చూసింది.

“నీళ్ళు పోవడానికి దారేదీ?”

నేను తల గోక్కున్నాను.

“ఈ మనిషి నోట్లోంచి మాట పోవడానికి దేవుడు దారి పెట్టలేదు. ఈయన నీళ్ళకి పెట్టలేదు. సరిపోయింది!”

చీర దోపుకుని బిందె తీసింది. నేను బకెట్టులోని చేమ పెరట్లో పారేసి, ఖాళీ బకెట్టుతో వచ్చాను. ఇద్దరం సాయంత్రం దాకా తోడాం. గట్టు తేలాక దాని మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టి, సంచీలోంచి పనసగింజలు తీసింది. వాన ఇంకా పడుతూనే ఉంది.

“తులసి కాస్త ఎత్తుగా ఉండాలి,” అంది. ఇంకో గింజ గీకి, “తూము లేకపోతే మాత్రం రేపు సాయంత్రం బస్సుకి నేను వెళ్ళిపోతా,” అంది.

మర్నాడు టీ కూడా తాగకుండా మండువా ఈశాన్యం మూల నుంచి గోడ బయటికి జానెడు తూము తొలిచాను. చెక్కపని ఉలితో. ఉలి దేనికీ పనికిరాకుండా పోయింది.